మైకమ్మ మూగనోము

బస్టాండులో ఆమె మొహం తెలిసినవాళ్ళు పదిమంది ఉంటే ఎక్కువ. గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. పై అంతస్తులో, అద్దాల గదిలో, మైకు ముందు పదిహేడేళ్ళుగా కూర్చుంటోంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి సంచి ఏ బెంచీ కింద దొరికిందో ఆమె చెబితేనే జనం కదులుతారు. డ్రైవర్లు ఆమెకు పెట్టిన పేరు మైకమ్మ. పొద్దుటి పొగమంచులో బస్సులు కనపడకపోయినా ఆ గొంతు కనపడుతుందని ఒక పాత డ్రైవరు అంటుండేవాడు. మంచులోంచి లాంతరు పట్టుకుని ఎవరో నడిచి వస్తున్నట్టు ఉంటుందట.

శీతాకాలం సెలవులొస్తే ఆ లాంతరుకి క్షణం తీరిక ఉండదు. ఊరు ఊరంతా మూటా ముల్లె సర్దుకుని ఎటో ఒకవైపు బయల్దేరుతుంది. ఉన్న బస్సులకి తోడు రోజూ ప్రత్యేక బస్సులు. తోటి అనౌన్సరు పురిటి సెలవులో ఉండటంతో ఈ ఏడాది ఆ పని కూడా మైకమ్మ నెత్తినే పడింది. అలిసి ఇంటికొస్తే అక్కడ ఇంకో బస్టాండు. ఆడపడుచు, ఆవిడ భర్త, ముగ్గురు పిల్లలు పది రోజులు ఉండిపోదామని దిగారు. దుప్పట్లెక్కడ వదినా, గీజరు వెలగడం లేదు వదినా, అత్తా వీడు నా మేజోళ్ళు వేసుకున్నాడు. ఎవరికి ఏం కావాలన్నా విచారణ కౌంటరు ఒక్కటే.

గొంతు ముందు బొంగురుపోయింది. తర్వాత పాత స్వెట్టరు ఊలులా అక్కడక్కడా తెగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం "ఏడో నంబరు" అనబోతే "ఏడో" దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత అంతా గాలే. కింద జనం, వాన చినుకు పడిందా అన్నట్టు, తలలెత్తి స్పీకరు వైపు చూశారు.

నాలుగు రోజులు మాట్లాడొద్దంది గొంతు డాక్టరు. మైకమ్మ చెప్పినమాట వినే మనిషి. మాట్లాడలేదు. గుసగుసలాడింది. దుప్పట్లెక్కడున్నాయో గుసగుసగా చెప్పింది, మేజోళ్ళ తగువు గుసగుసగా తీర్చింది, పిల్లల్ని గుసగుసగానే కేకలేసింది. అది చూసి వాళ్ళకి సరదా పుట్టి వాళ్ళూ గుసగుసల్లోకి దిగారు. వాళ్ళని చూసి పెద్దవాళ్ళూ దిగారు. సాయంత్రానికి ఆ ఇల్లు దొంగలంతా కలిసి కాపురం పెట్టిన ఇల్లులా తయారైంది. మర్నాడు పొద్దున ఆమె నోరు తెరిస్తే గుసగుస కూడా రాలేదు.

డాక్టరు తల పట్టుకుంది.

"గుసగుస అంటే గొంతుకి విశ్రాంతి అనుకున్నారా? అరుపుకంటే అదే ఎక్కువ గీరుతుందమ్మా. లెక్క మళ్ళీ ఇవాళ్టి నుంచి. నాలుగు రోజులు నోరు కదపకూడదు. ఈసారి తప్పితే బాగవడానికి నెలలు పడుతుంది. అప్పుడొచ్చేది మీ పాత గొంతే అవుతుందని నేను మాటివ్వలేను."

ఆస్పత్రి మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఇన్నేళ్ళూ ఆ గొంతు బస్టాండుదనుకుంది, ఇంట్లోవాళ్ళదనుకుంది. తీరా పోతుందేమో అన్నాక, ఎవరో చెయ్యి పట్టి చూపించినట్టు, అది తనదని తెలిసొచ్చింది.

ఇంటికొచ్చి ఒక కాగితం మీద రాసి అలమారకి అంటించింది: "నేను నాలుగు రోజులు ఊళ్ళో లేననుకోండి. అన్నీ ఈ ఇంట్లోనే ఉన్నాయి. వెతకండి."

వెతికారు. ఆమె భర్త వంటింట్లో ఎనిమిది డబ్బాలు తెరిచి, తొమ్మిదో దాంట్లో పంచదార చూసి, కొత్త దీవి కనిపెట్టినంత గర్వంగా అందరికీ టీ ఇచ్చాడు. గీజరు ఆడపడుచు మొగుడి చేతికి లొంగింది. మేజోళ్ళ తగువు ఎవరూ తీర్చకపోవడంతో తనంతట తనే చల్లారింది.

ఇంటికి పెద్దదిక్కైన అత్తయ్యకి కొన్నేళ్ళుగా చెవుడు. చెవి మిషను దాని పెట్టెలోనే సుఖంగా ఉంటుంది. ఆవిడకి కోడలి సంగతి మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర చేతులతో, కాగితాలతో చెప్పారు. ఆవిడ అంతా విని, అంటే చూసి, అలాగా, నాకేం తేడా తెలీలేదే అంది.

మర్నాటి నుంచి అత్తాకోడళ్ళిద్దరూ జట్టయ్యారు. పొద్దెక్కాక బాల్కనీలోకి ఎండ వస్తుంది. ఒకే శాలువా కింద ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. అత్తయ్య సైగ చేస్తే వేడినీళ్ళు తాగడం, ఇంకో సైగ చేస్తే ఆవిరి పట్టడం. ఒకళ్ళకి వినపడదు, ఒకళ్ళు మాట్లాడరు, అయినా కబుర్లకి లోటు లేదు. పిట్టగోడ మీద మంచు కరిగి బొట్లుగా జారడం ఆమె విన్నది. ఎదురింటి కిటికీలో ఎవరో దుప్పటి దులపడం విన్నది. ఎండకి కూడా ఒక చప్పుడుందనిపించింది, ఊలు ఉండ విప్పుతున్నట్టు మెత్తగా. పట్టపగలు రెండు గంటలు నిద్రపోయి లేచి, ఎవరిదో వస్తువు వాడుకున్నట్టు సిగ్గుపడింది.

మూడో రోజు సాయంత్రం భర్త ఫోను మోగింది. బస్టాండు కంట్రోలరు. విచారణ గుమాస్తాని మైకు ముందు కూర్చోబెడితే, వెళ్ళే బస్సుల జనం వచ్చే బస్సులు ఎక్కి కూర్చుంటున్నారట. ఆవిణ్ణి ఒక్క రెండు గంటలు పంపిస్తే చాలట. భర్త కాదనడం చేతకాని మనిషి. గొడుగులమ్మే మనిషి మొహమాటపెడితే ఒకేసారి మూడు గొడుగులు కొన్నవాడు. అయ్యో పాపం, అలాగేనండి, చూస్తానండి అంటూ ఆమె వైపు తిరిగాడు.

అప్పటికే ఆమె ఒక చెయ్యి స్వెట్టరులో దూర్చింది. కింద తప్పిపోతున్న మనుషులు, ఏడుస్తున్న పిల్లలు కళ్ళ ముందు తిరిగారు. రెండు గంటలే కదా. చెయ్యి అలాగే ఆగిపోయింది. వెళ్తే ఏమవుతుందో డాక్టరు చెప్పింది. వెళ్ళనని చెప్పడానికి మాట లేదు, చెప్పగలిగిన మొగుడు లేడు.

స్వెట్టరులోంచి చెయ్యి బయటికి తీసింది. భర్త చేతిలో ఫోను లాక్కుని, తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టింది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

అత్తయ్యకి అంతకంటే అక్కర్లేకపోయింది.

"ఎవరూ? కోడలికోసమా? రాదు."

అవతల కంట్రోలరు పరిస్థితి మొదటి నుంచీ వివరించాడు.

"మేమంతా బాగున్నాం నాయనా. మీ ఇంట్లో అందరూ కులాసాయేనా?"

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. జనం, రద్దీ, బాధ్యత.

"ఆఁ, చలి ఎక్కువగానే ఉంది. రాదు."

ఆయన ఇక ఉండబట్టలేక గొంతెత్తాడు. ఆ అరుపు గది గుమ్మం దాకా వచ్చింది. ఈసారి అత్తయ్యకీ కాస్త అందింది.

"అంతలా అరవకు నాయనా. మా అమ్మాయికి గొంతు అలాగే పోయింది."

ఫోను పెట్టేసింది. నవ్వకూడదు, నవ్వినా గొంతు కదులుతుంది. మైకమ్మ శాలువా నోట్లో కుక్కుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా, భుజాలతో మాత్రమే నవ్వింది. గుమ్మంలో భర్త, నేర్చుకోవాల్సిన విద్య ఏదో చూసినట్టు నిలబడిపోయాడు.

ఐదో రోజు డాక్టరు "ఆ" అనమంది. అంది. ఎక్కడా తెగలేదు. కాస్త కొత్తగా, ఉతికి ఆరేసిన బట్టలా ఉంది. డాక్టరు ఒక షరతు పెట్టి పంపింది: రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు నోరు మూసుకోవాలి. ఆ మాట మైకమ్మ బస్టాండులో రాసి తన గది అద్దానికి అంటించింది. కంట్రోలరు ఒక పూట ముభావంగా తిరిగి, సాయంత్రం అత్తగారి ఆరోగ్యం అడిగాడు.

మొదటి ఇరవై నిమిషాలు ఆమెకి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. మైకు కట్టేసి, వేడినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరి బస్సు తప్పిపోతుందోనని కిందికి చూస్తూ ఉండిపోయింది. జనం బోర్డులు చదువుకున్నారు. పక్కవాళ్ళని అడిగారు. ఒక ముసలాయన ఎవరో అమ్మాయి పెట్టె పట్టుకుని ఆమె బస్సు దాకా తీసుకెళ్ళాడు. ఇరవై నిమిషాల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా బస్సు తప్పలేదు.

అది ఆమెకి కాస్త గుచ్చుకుంది. ఇంకో గుక్క వేడినీళ్ళు తాగితే అదీ దిగిపోయింది.