సొరంగంలో పీల్చిన పొగ

ఆ రోజు పొగలో నాకు మొదట వచ్చింది తలనొప్పే. డెబ్బైల చివరి మాట. మా అక్క భర్త సూరిబాబు బావ, నేను మల్కాపురంలో చెరో లారీ తోలేవాళ్లం. కొండల్లో డ్యాము పనికి సిమెంటు తీసుకెళ్తున్నాం. దారిలో ఒక సొరంగం. లోపల దీపాల్లేవు, ఇసుక బకెట్లు లేవు, నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

సొరంగం మధ్యలో, ముందున్న బావ లారీ ఇంజను అంటుకుంది. గోనెసంచితో మంటను కొడుతున్నాడు. చెయ్యి పట్టి లాగాను.

"వొదిలీ బావా, బండి పోతే పోనీ!"

"నువ్వెల్రా. ఆర్పేసి నానొచ్చెత్తాను."

గోడ తడుముకుంటూ వెనక్కి నడిచాను. పొగ నా వెంటే వచ్చింది. ద్వారం దగ్గర పడిపోతే కూలీలు నీళ్లు చల్లి లేపారు. అరగంటకు టీ తాగాను. బావను సాయంత్రం బయటికి తెచ్చారు.

పాడె నేనూ మోశాను. ఏడుపు రాలేదు. "నీకేటైందిరా? ఏడు!" అంది అక్క. ఏమీ అనిపించలేదు.

మూడు వారాల తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాలేదు. రోజూ తిరిగే పూర్ణా మార్కెట్లో ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాను. మా ఆవిడ రమణమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే, బ్లడ్ టెస్టు చేసి, "షాక్, అంతే" అని మాత్రలిచ్చారు. పది రోజులకు నడక తడబడింది, పక్క తడిపేశాను. మళ్లీ వెళ్లాం. ఈసారి పెద్ద డాక్టరు, "పొగలో ఎంతసేపున్నావు?" అని అడిగారు.

"కార్బన్ మోనాక్సైడ్, పొగలో ఉండే విషవాయువు. కొందరికి బ్రెయిన్ మీద ఆలస్యంగా చూపిస్తుంది. చాలామంది కోలుకుంటారు, టైం పడుతుంది" అన్నారు.

రోజూ పొద్దున్నే రమణమ్మ నా ఎదురుగా కూర్చునేది. "తప్పు పెట్టావ్. మల్లీ కిందనించి పెట్టు." నాలుగు నెలలకు బొత్తాలన్నీ సరిగ్గా పెట్టాను. నడక కుదరడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఒకనాడు అక్క చేపల పులుసు వడ్డిస్తూ, "మీ బావకి తలకాయంటే పేనం" అంది. అప్పుడు ఏడ్చాను. అక్క వడ్డిస్తూనే ఉంది.

మళ్లీ లారీ తోలలేదు. ఒక గోడౌన్లో తూకం దగ్గర పనిచేశాను. ఇప్పటికీ మాటకోసం కొంచెం వెతుక్కుంటాను, అంతే.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. పొగలోంచి నడిచి బయటపడినా, ఒంట్లో బాగానే ఉన్నా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి "పొగ పీల్చాను" అని చెప్పండి. మమ్మల్ని అందరూ పోయిన మనిషి గురించే అడిగారు. అదే పొగలో నేనూ ఉన్నానని చెప్పాలని నాకు తోచలేదు.