గోపాల్‌పూర్ నుంచి రాని చేప

మా ఇంట్లో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. మా నాన్నకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు నేను రోజూ తెల్లారేసరికి సైకిలు తొక్కుకుంటూ గోపాల్‌పూర్ వెళ్లేవాణ్నట. అక్కడి జాలర్లు, నోలియాల పడవలు ఒడ్డుకు చేరగానే తాజా చేప కొని తెచ్చేవాణ్నట. ఆ చేప తినే ఆయన మళ్లీ లేచి తిరిగాడట. మా పిల్లలు ఈ కథ వింటూ పెరిగారు. ఈమధ్య మా అబ్బాయి దీన్ని వాళ్ల అత్తవారి ముందు చెబుతుంటే, మా వదిన ఆ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. ఆవిడ ఏమీ అనకుండా ఉండడం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు ఒలవడం ఆపి నా పాదాల వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఎందుకో నాకొక్కడికే తెలుసు.

ఆ కథలో టైఫాయిడ్ నిజం, సైకిలు నిజం. చేప మాత్రం గోపాల్‌పూర్‌ది కాదు. అది మా వదిన తమ్ముడు ఓడ మీద నుంచి తెచ్చిన డబ్బా చేప.

మాది గిరిసోల పక్క పల్లె. నా చిన్నప్పుడే బరంపురం వచ్చేసి, అక్కడి అంకులి పేటలో ఇల్లు కట్టుకున్నాం. నాన్న పాత గోనెసంచుల వ్యాపారం చేసేవాడు. అమ్మ పోయాక ఇల్లంతా వదినే చూసుకునేది. అన్నయ్య మా జిల్లా వాళ్లు చాలామందిలాగే సూరత్‌లో మిల్లు పనిలో ఉండేవాడు. నేను కాలేజీకి వెళుతున్నానని పేరే గాని, వెళ్లింది తక్కువ.

నాన్నకు చేప విషయంలో చాలా పట్టింపు. ఉదయం పూట వీధిలోకి వచ్చే చేపలావిడ తట్ట దించగానే వంగి ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసేవాడు.

"ఈ కన్ను సూడు. నిన్నటి సేపిది. నాకంటగట్టకు."

"అయితే రేపట్నుంచి సేపల్నే మీ గుమ్మం కాడికొచ్చి సావమని సెప్తాను బాబూ," అనేది ఆవిడ.

ఆవిడ తట్టలో చేప కొన్నా, వాసన చూడకుండా లోపలికి పంపేవాడు కాదు. ఏ ఊరి చేపో, ఏ పూట పట్టిందో తన ముక్కు చెప్పేస్తుందని నమ్మకం. మేమూ నమ్మేవాళ్లం.

వదిన తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. నేను అతన్ని బావా అనేవాణ్ని. ఆ ఏడు వానల్లో సెలవు మీద వచ్చినప్పుడు అక్క కోసం ఒక అట్టపెట్టె నిండా డబ్బాలు తెచ్చాడు. గుండ్రంగా, పొట్టిగా, పైన నీలం రంగు చేప బొమ్మతో ఉన్నాయవి. ట్యూనా అనే పెద్ద సముద్రపు చేపట. ముల్లు తీసేసి, ముక్కలు డబ్బాలో పెట్టి మూత బిగించి, డబ్బాతో సహా ఉడికిస్తారట. మూత తియ్యకపోతే ఏళ్ల తరబడి చెడదట. నాన్న ఒక డబ్బా చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాడు.

"ఏటిది, సేపకి సమాధి కట్టారేటి?"

బావ నవ్వేశాడు. "ఓడలో మాకిదే దిక్కు మావయ్యగారూ. బలమైన తిండి."

"బలం సరే. మొప్ప ఏదీ? కన్ను ఏదీ? మొహం సూపించని సేప నాను తినను."

వదిన ఆ పెట్టెను అటక మీద పెట్టేసింది.

వినాయక చవితి దాటాక నాన్నకు జ్వరం పట్టుకుంది. జ్వరం దిగేసరికి మనిషి సగమయ్యాడు. గోచీ కట్టుకోడానికి కూడా వదిన చూడకుండా నన్ను పిలిచేవాడు. డాక్టరు వచ్చి, పేగులు ఇంకా లేతగా ఉన్నాయి, కారం, నూనె తగ్గించండి, కానీ ఒంట్లో కండ కరిగిపోయింది కాబట్టి మాంసకృత్తులు కావాలి, మెత్తటి గుడ్డో చేపో పెట్టండి అన్నాడు. గుడ్డు నోట్లో పెడితే నాన్న ఉమ్మేశాడు. పప్పుకట్టు రెండు గుటకలు తాగి గిన్నె నెట్టేశాడు.

"గోపాల్‌పూర్ సేపైతే తింతాను," అన్నాడు.

సైకిలూ సంచీ ఇచ్చి వదిన నన్ను పంపింది. పోవాలనే బయల్దేరాను. దారిలో ఒక టీ కొట్టు ఉండేది. కొట్టు వెనక రేకుల షెడ్డులో మా కాలేజీ వాళ్లు కేరమ్స్ ఆడేవారు. మబ్బు పట్టి ఉంది. సముద్రం పోటు మీదుందని, పడవలు వెళ్లలేదని అక్కడెవరో అన్నారు. అది నిజమో కాదో కనుక్కోలేదు. ఒక ఆట ఆడి వెళదామనుకున్నాను. పొద్దెక్కేదాకా ఆడి ఖాళీ సంచితో ఇల్లు చేరాను.

వదిన పెరట్లో గిన్నెలు తోముతోంది. సంచి చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది.

"పడవలు ఎల్లలేదంట వదినా."

"ఎల్లి సూసావేటి? నీ కాళ్లకి ఇసక లేదు బాబూ."

నేను సైకిలు గోడకు ఆనించాను. లోపల్నుంచి నాన్న గొంతు సన్నగా వినిపించింది. "ఏటి తెచ్చాడమ్మా?"

వదిన చేతులు కడుక్కుంది. ఆయనకు కోపం వస్తే మళ్లీ గిన్నె నెట్టేస్తాడు, నేను తిట్లు తింటాను. ఈ రెండూ ఆలోచించిందని ఇప్పుడు అనుకుంటాను.

"మంచి సేపే తెచ్చాడు మావయ్యా," అని, నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది.

ఆ వంట నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. డబ్బాలో నూనె ఒంపేసి, ఒక్క చెంచా మాత్రం మూకుట్లో వేసింది. అందులో ఉల్లిపాయ, అల్లం, కాస్త పసుపు. అవి మగ్గాక చేపను చేత్తో విడదీసి వేసి, రెండు తిప్పులు తిప్పి దించేసింది.

"ఇది ముందే ఉడికిన సేప బాబూ. ఇంకా ఉడికిస్తే పీసులా అయిపోద్ది. ఉప్పు మాత్రం ఎయ్యకూడదు. డబ్బాలోనే ఉంటాది."

ఎందుకు చెబుతోందో నాకు తెలియలేదు. నా తలలో ఇంకా కేరమ్స్ బల్ల మీది ఎర్ర కాయ తిరుగుతోంది.

మెత్తటి అన్నంలో ఆ పొడికూర కలిపి పెడితే నాన్న వాసన చూశాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచాడు.

"ముల్లు లేదేటమ్మా?"

"తీసీసాను మావయ్యా."

"సూసావా, గోపాల్‌పూర్ సేపంటే అదీ. పొద్దున పట్టింది. నాకు తెలుస్తాది." నా వైపు చూసి, "సీకటితోనే ఎల్లావురా," అన్నాడు. అప్పటికి నాన్న నన్ను అలా మెచ్చుకున్నది గుర్తు లేదు.

అలా మొదలైంది. నేను రోజూ సంచి తగిలించుకుని వెళ్లేవాణ్ని. రోజూ వదిన ఒక డబ్బా దించేది. ఒక రోజు ఆవ నూరి, పలచగా పులుసు. ఒక రోజు ఉడికించిన బంగాళాదుంపతో కలిపి బిళ్లలు చేసి, పెనం మీద కాల్చింది. నోరు చప్పబడిందని నాన్న గొణిగిన రోజున చింతచిగురు వేసింది. నూకల జావలో చేప చిదిపి, పైన జీలకర్ర చల్లి పెట్టిన రోజు గిన్నె నాకేశాడు. ఖాళీ డబ్బాలు ఇంట్లో కనబడకూడదు కాబట్టి నా సంచిలో వేసి పంపేది. నేను వాటిని దారిలో తుప్పల్లో పారేసేవాణ్ని. గోపాల్‌పూర్ రోడ్డు మీదికి నేను చేప డబ్బాలు తీసుకెళ్లానే గాని, అటునుంచి ఆ రోజుల్లో ఒక్కసారీ చేప తేలేదు.

"రేపు కొంచెం ఇసకైనా అంటించుకుని రా," అంది వదిన ఒకసారి. నవ్వుతూనే అంది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో నేను తప్పు నుంచి బయటపడ్డాననుకున్నాను.

నాన్న గోడ పట్టుకుని నడిచాడు, తర్వాత గోడ వదిలేశాడు. కార్తీకం వచ్చేసరికి డబ్బాలూ అయిపోయాయి, ఆయన అరుగు మీదికీ వచ్చాడు. మా వైపు కార్తీకం పున్నమితోనే ముగుస్తుంది, ఆ నెలంతా చాలా ఇళ్లలో చేప వండరు. చివరి అయిదు రోజుల పంచుకలో అయితే కొంగ కూడా చేపను ముట్టదని ఒరియా వాళ్లు చెబుతారు. మేమూ అదే పాటించేవాళ్లం. పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్లు నోరు కట్టుకున్న ఊరంతా ఆ రోజు చేపల బజారు మీద పడుతుంది.

ఆ ఛాడఖాయికి నాన్న పల్లె నుంచి పెదనాన్నను పిలిచాడు. ఓడ ఎక్కే ముందు అక్కను చూసి పోదామని బావా వచ్చాడు.

"నన్ను బతికించిన సేప మీరూ తిందురు గాని," అన్నాడు నాన్న అందరితో. "సిన్నోడు తెస్తాడు."

ఆ రోజు నేను నిజంగా గోపాల్‌పూర్ వెళ్లాను. ఆ జనంలో తోసుకుని, నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టుకుని బేరమాడి, ఇంకా కొట్టుకుంటున్న చేప తెచ్చాను. మోకాళ్ల దాకా ఇసకే. వదిన చూసి, "ఇయాల ఎల్లావు," అంది మెల్లగా.

ఆవిడ ఆ చేపను ఉడికించి, ముళ్లు ఏరి, అదే పొడికూర చేసింది. అందరూ వరసగా కూర్చున్నారు. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి ఆగాడు.

"ఇది కాదు."

"అదే సేప మావయ్యా."

"సేప అదే అయ్యుంటాది. సిన్నోడు తెచ్చిందానికి వంకెట్టను. నీ సెయ్యే పాడు సేసినాది. నలుగురొచ్చినప్పుడే నీకు బద్దకం." తర్వాత బావ విస్తరి వైపు చూశాడు. అతను బాగానే తింటున్నాడు. "నువ్వు బాగుందనే తింతావులే. డబ్బాలో కుళ్లు తినీవోడికి సేప రుచి ఏటి తెలుస్తాది? అక్కా తమ్ముడూ ఒకటే నోరు."

పెదనాన్న నవ్వాడు. బావ తల ఎత్తాడు. అటక మీద డబ్బాలు ఏమయ్యాయో అతనికి తెలుసు. వదిన ముందే చెప్పింది. నోరు తెరవబోతుంటే వదిన తల అడ్డంగా ఊపింది. అప్పుడు అతను నా వైపు చూశాడు. అంటే మాట నా వంతు. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం: నాన్నా, నిన్ను లేపింది ఆ డబ్బాలే. నేను విస్తరి మీదికి వంగి అన్నం కలుపుకున్నాను.

బావ మజ్జిగ పోయించుకోకుండానే లేచాడు. ఆ తర్వాత నాన్న ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. సెలవు మీద వస్తే గోపాల్‌పూర్‌లో తన ఇంటికే అక్కను రప్పించుకునేవాడు. వదిన బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి వచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి వెలిగించేది. నాన్న చాలా ఏళ్లు బతికాడు. వచ్చిన ప్రతివాడికీ నా సైకిలు కథ చెప్పాడు. మొదట తిట్లకు భయపడి ఊరుకున్నాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, నా గురించి ఆయన గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్కటే అయిపోయింది. దాన్ని పోగొట్టుకోవడం నా చేత కాలేదు.

ఇప్పుడు నాకు రక్తంలో కొవ్వు ఎక్కువైందని, వేటమాంసం మానేసి చేప తినమని డాక్టరు చెప్పాడు. బరంపురంలో పెద్ద కొట్టుకు వెళితే అరలో అదే పొట్టి డబ్బా. కళ్లజోడు పెట్టుకుని వెనక అక్షరాలు చదివాను. మాంసకృత్తులు బాగా ఎక్కువ, పిండిపదార్థం లేదు. నూనెలో పెట్టిన రకం ఉంది, ఉప్పునీళ్లలో పెట్టింది ఇంకో రకం. నీళ్లదానిలో కొవ్వు తక్కువ. పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి రోజూ తినడం మంచిది కాదని, ముఖ్యంగా గర్భిణులూ పిల్లలూ మితంగా తినాలని డాక్టరు చెప్పాడు. ఆ రోజుల్లో మాకు ఇవేవీ తెలియవు. లేవలేని ముసలాయనకు మెత్తగా, ముల్లు లేకుండా, ఒంటికి పట్టే తిండి కావాలని మాత్రం వదినకు తెలుసు.

మొన్నటి ఛాడఖాయికి రెండు డబ్బాలు కొని, వదిననూ మా అబ్బాయినీ ఆటో ఎక్కించి గోపాల్‌పూర్ తీసుకెళ్లాను. బావ ఓడ పని మానేసి అక్కడే ఉంటున్నాడు. జుట్టంతా నెరిసింది. వంట నేనే చేస్తానన్నాను. ఎవరూ వద్దనలేదు. పొడికూర చేసి, ముగ్గురికీ వడ్డించి, కూర్చోకుండానే మొత్తం చెప్పాను. కేరమ్స్ దగ్గర్నుంచి, విస్తరి మీదికి వంగిన దాకా.

మా అబ్బాయి చాలాసేపు కంచంలో వేలు తిప్పాడు.

"అయితే నువ్వు గోపాల్‌పూర్ ఎప్పుడూ ఎల్లలేదా నాన్నా?"

"ఒక్కసారి వెళ్లాను. ఆ చేప మీ తాతకు నచ్చలేదు."

బావ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నీళ్లు తాగాడు. నేను అతని మొహమే చూస్తున్నాను.

"ఉప్పెక్కువైనాది బావా," అన్నాడు. "డబ్బాలోనే ఉంటాదని అక్క సెప్పలేదేటి?"

"సెప్పాను," అంది వదిన. "బాబు ఆ రోజు ఇన్లేదు."

ఆవిడ లేచి, లోపల్నుంచి ఇంకో గరిటెడు అన్నం తెచ్చి తమ్ముడి కంచంలో వేసింది. అతను ఆ అన్నంలో ఉప్పు కూర కలుపుకుని, చివరి మెతుకు దాకా తిన్నాడు.