నాంపల్లిలో నా వంతు ఎండ

పాత వ్యానును నా చేతులతోనే ఇల్లుగా మార్చి, పైన సోలార్ పలకలు బిగించి, వాటితో లోపల చిన్న ఫ్రిజ్ నడిపిస్తున్నానని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది. నా ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే ఉండేది.

రెండు వేల దశకం మొదట్లో, ఒక మే నెలలో, కాకినాడ నుంచి వెళ్లి నాంపల్లి స్టేషన్ దగ్గర ఆగాను. పండ్లమ్మే యాదగిరి వేపచెట్టు కింది తన బండిని ఎండలోకి నెట్టుకుని, "గీడ నీడకు పెట్టుండ్రి సార్, మీరు మా మెహమాన్" అన్నాడు. అతిథినన్నాక కాదనలేకపోయాను. మధ్యాహ్నానికి బ్యాటరీ దిగిపోయి ఫ్రిజ్ ఆగింది.

"అన్నా, నాకు ఎండ కావాలి. ఫ్రిజ్ నడిచేది ఎండతోనే" అన్నాను, మొహమాటం వదిలేసి.

"ఏంది సార్, ఎండతోని చల్లగైతదా?" అని నవ్వాడు.

వ్యానును ఎండలోకి మార్చాను. ఇన్సులిన్ పాడవలేదు. సాయంత్రం అతనికి చల్లటి నీళ్లిచ్చాను. గ్లాసును చెంపకు ఆనించుకుని, వ్యాను పైనున్న పలకల వైపు చూశాడు.

మర్నాడు వ్యానులోనే వెళ్లి ఆబిడ్స్‌లో పని చూసుకుని తిరిగొచ్చేసరికి, నిన్న నేను వ్యాను నిలిపిన చోటే, మండుటెండలో, తలమీద తువ్వాలు వేసుకుని యాదగిరి స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ ఆగబోయిన ఆటో అతనితో, వ్యాను తానే తయారు చేసినంత గర్వంగా చెబుతున్నాడు:

"జర అవతలికి పో భాయ్. గీ ఎండ మా సార్‌ది!"