ఎలుగుబంటిని ఓడించిన కోటు

మొన్న శనివారం పాతసామాన్ల సంతలో, తడిసిన గుడారం గుడ్డ దగ్గర నా ముక్కు ఆగిపోయింది. కాళ్లు మరికాస్త దూరం వెళ్లాక గానీ ఆ సంగతి వాటికి తెలియలేదు. కలరా ఉండలు, తుపాకి నూనె, పుట్టినప్పటినుంచి ఆరని కాన్వాసు, వాటన్నిటి మీద హాంబర్గ్ వాన. ఈ వాసన లోకంలో మరొక్క చోటే ఉండేది: రేవుకు పోయే సందులో ఫ్రావ్ ల్యూడర్స్ అనే పెద్దావిడ నడిపిన మిలిటరీ పాతసామాన్ల దుకాణంలో. ఆ దుకాణం ఇప్పుడు లేదు. నన్ను అక్కడికి తీసుకెళ్లిన రహీమ్ భాయ్ కూడా లేరు.

రహీమ్ భాయ్‌ది వరంగల్. విమానాల విడిభాగాల వ్యవహారం చూసే మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాకు టీమ్ లీడ్. మనవాళ్లు ఎవరు కొత్తగా దిగినా మొదటి శనివారం ఆ దుకాణానికి నడిపించుకుపోవడం ఆయన పెట్టుకున్న ఆచారం. ఆన్‌మెల్డుంగ్, అంటే సర్కారు ఆఫీసులో చిరునామా నమోదు, తర్వాతైనా చేసుకోవచ్చు, ముందు కోటు కావాలి. నేను దిగిన వారం ఎలాంటి గాలి వీచిందంటే, బస్‌స్టాపులో నిలబడ్డ నా మీసం ఎడమ సగం పక్క రాష్ట్రానికి కొట్టుకుపోయింది. కాకినాడ నుంచి తెచ్చుకున్న స్వెటర్లన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి, మంకీ క్యాప్ బిగించి, చేతులు ఒంటికి ఆనక రెక్కలు విప్పిన కోడిపుంజులా బయల్దేరాను.

"ఏంది మూర్తీ, ఉల్లిగడ్డ తీర్గ గిన్ని పొరలు?" అన్నారు రహీమ్ భాయ్. "గిది చలి గాదు భయ్, గాలి. స్వెటర్ల సందుల్లకెల్లి ఉరికొస్తది. దీనికి తలుపెయ్యాలె."

దుకాణం లోపల, ఏదో దేశం మధ్యాహ్నం భోజనానికని యుద్ధం ఆపి, తిని పడుకుని, మళ్లీ లేవనట్టుండేది. సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు, భుజాన జెండా కుట్టిన పచ్చకోట్లు, ఏనుగు దొర్లినా చిరగని నిద్రసంచులు, మా పెదనాన్న అభిప్రాయాల్లా వంగని బూట్లు. రహీమ్ భాయ్ ఒక కోటు తీసి నా భుజాల మీద వేశారు. దూడను మోస్తున్నట్టుంది. మోచేతి దగ్గర చిల్లు.

"తూటా దెబ్బాండీ?"

"తూటానా! ఎలుగుబంటి పన్ను. ఆల్ప్స్ గుట్టల మీద గీ కోటుకూ ఎలుగుబంటికీ కుస్తీ అయింది. పాపం, ఎలుగుబంటి అటెన్క అన్నం తినలే."

ఫ్రావ్ ల్యూడర్స్ కళ్లజోడు పైకి నెట్టి చిల్లును చూసి, జర్మన్‌లో ఒక్క ముక్క అంది: "చిమటలు."

"ఆమెకు సరుకు తెలుసు, చరిత్ర తెల్వది," అన్నారాయన, ఆమెకేసి వినయంగా తల వంచుతూ.

తిరుగు రైల్లో అడిగాను, చిమటలని ముందే చెప్పొచ్చు కదండీ అని. ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు: "చిమటలు తిన్న కోటంటే తొడిగినా వణుకుతవ్ మూర్తీ. ఎలుగుబంటిని కొట్టిన కోటంటే ఛాతి జరంత ముందుకొస్తది. గా జరంతతోనే చలికాలం ఎల్లిపోతది." నా మాటల్లో మీకు గాలి ఎక్కువ కనిపిస్తే, అది ఆయన కొట్టిన గాలే.

జర్మనీ వదిలి వెళ్లేవాళ్లు తమ కోటును ఆయనింట్లో తగిలించి వెళ్లాలి. అది తర్వాత దిగినవాడికి, కథతో సహా. కరోనా వచ్చింది. విమానాలు నేల మీద ఆగిపోయాయి, మా ఆఫీసులో కాంట్రాక్టులూ ఆగిపోయాయి. కొత్తగా దిగేవాడు లేడు. ఒక్కొక్కరూ వచ్చి, మాస్కుతోనే సెలవు తీసుకుని, కోటు కొక్కేనికి తగిలించి వెళ్లారు. వీడియో కాల్‌లో ఆయన వెనక గోడంతా కోట్లే, కూర్చోమన్నా కూర్చోని చుట్టాల్లా.

"కోట్లు వాపస్ వస్తున్నయ్ మూర్తీ, మనుషులు వస్తలేరు," అన్నారు. ఎలుగుబంటి లేదు, ఆల్ప్స్ లేదు. ఆయన నోట ఉన్నదున్నట్టు ఒక మాట రావడం నేను వినడం అదే మొదలు. భయమేసింది.

ఆ చలికాలమే ఆయనకు జబ్బు అంటుకుంది. ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. ఆయన భార్య షహనాజ్ భాబీ వరంగల్‌లో టీచరు; ఒకే ఒక్క జనవరి ఇక్కడుండి, "ఇది ఊరు కాదు, ఫ్రిజ్జు" అని తేల్చి వెళ్లిపోయిన మనిషి. ఇప్పుడు రావాలన్నా దారి లేదు. "ఆయన ఒక్కరే ఉన్నరు భయ్యా, రోజూ మాట్లాడుండ్రి," అని ఫోనులో ఏడ్చింది.

మాట్లాడాను. ఆయన పక్కనున్న ఆక్సిజన్ మిషను జలాంతర్గామిలోదనీ, మునిగిపోతున్న తిమింగలానికి ఊపిరి పోసిందనీ చెప్పాను. నవ్వబోయి దగ్గారు. "నవ్వియ్యకు భయ్, నర్సమ్మ ఫోను గుంజుకుంటది." ఊపిరి తీసుకుని అడిగారు: "దుకాణం తెరిచిండ్రా?"

నేను అప్పుడే అటునుంచి వచ్చాను. దుకాణం శాశ్వతంగా మూసేశారు; అద్దాల వెనక ఖాళీ కొక్కేలు ఊగుతున్నాయి.

"తెరిచారండి. లైను రేవుదాకా ఉంది. మీరు లేక సరుకు చరిత్ర చెప్పేవాళ్లు లేరని ఫ్రావ్ ల్యూడర్స్ ఒకటే గొడవ."

"మంచిగ చెప్తున్నవ్," అన్నారు. నమ్మానని అనలేదు. మర్నాడు ఫోను ఎత్తలేదు.

ఖననానికి కొద్దిమందినే రానిచ్చారు. వాన అడ్డంగా కొడుతోంది, మట్టి జావలా జారిపోతోంది. భాబీ ఫోనులో ఉంది. ఆ మట్టిని చూపించడం ఇష్టం లేక నేను కెమెరా పెట్టలేదు.

"మూర్తీ భయ్యా, ఆడ బాగా చలున్నదా?" అంది చిన్న గొంతుతో.

నీళ్లు నా ముక్కు కొసనుంచి ఫోను మీద పడుతున్నాయి. "లేదు భాబీ," అన్నాను. "ఎండ కాస్తోంది. ఉక్కకి అందరూ కోట్లు విప్పేశారు."

ఇప్పటికీ శుక్రవారం నమాజయ్యాక ఆమె ఫోను చేస్తుంది. పిల్లల చదువులు, బియ్యం ధర, అన్నీ అయ్యాక, ఆడ ఎట్లున్నది భయ్యా అంటుంది. నేను చెబుతాను. వాతావరణ శాఖకు ఇంకా తెలియదు గానీ, హాంబర్గ్‌లో ఆ ఒక్క చోట అప్పటినుంచి చినుకు పడలేదు.