నా కంప్యూటర్ జోలికి రావద్దు

బాన్సువాడ బస్టాండ్ వెనక సందులో నాకో ఫొటో స్టూడియో ఉంది. అందులో చాలా పాత కంప్యూటర్ ఒకటుంది. పొద్దున షట్టర్ తీసి దాని మీట నొక్కి, షాపు ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, ఎదురుగా ఉన్న హోటల్ నుంచి చాయ్ తెచ్చుకుని తాగేసరికి దాని తెర వెలుగుతుంది. కొంతకాలంగా ఆ వెలుగుతో పాటు ఒక హెచ్చరిక కూడా వస్తోంది. నా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లిందట, ఇక దాని బాగోగులు ఎవరూ చూడరట, డబ్బు కట్టి కొత్తది వేయించుకోవాలట. పొద్దున్నే షాపులోకి వచ్చి నీకు కాలం చెల్లిందని చెప్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? 'తర్వాత' అన్న చోట నొక్కేసి నా పని నేను చూసుకునేదాన్ని.

నా కంప్యూటర్ బాగుచేసేవాడు పిట్లం నుంచి వస్తాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, పనిమంతుడు, నోరు కాస్త ఎక్కువ. ఆ హెచ్చరిక అతని కంట పడిన రోజు నుంచి నన్ను వదల్లేదు.

"అక్కా, గిది ఇంకెన్ని దినాలు నడిపిస్తవ్? స్టార్ట్ అయ్యేటందుకే గింత సేపా? కూసున్నోడు కూసున్నట్టే ముసలోడైతడు."

"కానీ తమ్మీ. ముసలోనివైనంక నీ ఫొటో గూడ నేనే తీస్త."

అతను నవ్వి ఊరుకోలేదు. కొత్త సిస్టమ్, దానికి కొత్త డిస్కు, రెండూ కలిపి నా షాపు రెండు నెలల కిరాయి అవుతుందన్నాడు. అంత పోసినందుకు ఏమొస్తుందో కూడా చెప్పాడు. పెళ్లి ఆల్బమ్‌లు వేసే నిజామాబాద్ ల్యాబ్ వాళ్లు ఇకమీదట ఆర్డర్లు కొత్త సిస్టమ్ నుంచే తీసుకుంటారు. వచ్చేది పెళ్లిళ్ల కాలం. పైగా కొత్తదాంట్లో మసకబారిన ఫొటో పెడితే చాలు, చిటికెలో ముఖాన్ని అద్దంలా చేసిస్తుందట.

"మరి నా స్కానర్?" అన్నాను.

"గా నెగెటివ్‌ల డబ్బానా? గది కొత్తదాంట్ల నడ్వదక్కా. అయినా నెగెటివ్‌లు గిప్పుడు ఎవలడుగుతరు?"

నిజంగానే ఎవరైనా అడిగి చాలా నెలలైంది. అతని మాట నిజం కావడం నాకు అస్సలు నచ్చలేదు.

ఆ నెగెటివ్‌ల సంగతి చెప్పాలి. ఈ స్టూడియో మొదట మా అన్నది. అప్పట్లో పెళ్లికి పిలిస్తే అన్న పందిట్లో నిలబడి ఫొటోలు తీసేవాడు. ఆడవాళ్లందరూ ఇంట్లో, వంట దగ్గర, పెరట్లో ఉండేవారు. అక్కడికి మగవాడు కెమెరా పట్టుకుని పోతే ఇంటి పెద్దలు ఒప్పుకునేవారు కాదు. అందుకని రెండో కెమెరా నా చేతికొచ్చింది. బీర్కూర్, పిట్లం, పెద్ద కొడప్‌గల్, చుట్టుపక్కల తండాలు, ఎక్కడ పెళ్లయినా లోపలి ఫొటోలు నావి. అన్న తీసినవి ఆల్బమ్‌ల ముందు పేజీల్లోకి వెళ్లాయి. నేను తీసినవాటిలో సగం అసలు ప్రింటే కాలేదు. పిండి కలిపే ఆడవాళ్ల ఫొటోలకు ఎవరు ఖర్చు పెడతారు? ఆ నెగెటివ్‌లన్నీ కవర్లలో పెట్టి బీరువాలో దాచాను.

కవర్ల మీద పేర్లు రాయలేదు. ఒక్కో ఊళ్లో ఒకే పేరు పదిమందికి ఉంటుంది, పేరు రాసుకుంటే ఏం తెలుస్తుంది? నంబరు వేసి, పుస్తకంలో దాని పక్కన ఊరూ, ఆ రోజు అక్కడ జరిగిన ఏదో ఒక సంగతీ రాసేదాన్ని. 'పెళ్లికొడుకు బస్సు తప్పింది.' 'పప్పు మాడింది.' 'మామలిద్దరూ కొట్టుకున్నారు.' పెళ్లి తేదీ మరిచిపోయినవాళ్లు ఉంటారు కానీ, పప్పు మాడిన సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోరు.

చివరికి పెళ్లిళ్ల కాలం తలచుకుని మెత్తబడ్డాను. వారం రోజులు వాడి చూడమని, నచ్చితేనే డబ్బు కట్టమని అతను కొత్త డిస్కు పెట్టి వెళ్లాడు. పాత సిస్టమ్ ఉన్న డిస్కు ఊడదీసి నా చేతికిచ్చాడు. దాన్ని సొరుగులో పెట్టాను. కంప్యూటర్ రెప్పపాటులో లేచి కూర్చుంటుంటే, చాయ్ తాగే తీరిక కూడా లేకుండా పోయిందని విసుక్కున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బీర్కూర్ బస్సు దిగి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. చేతిలో ఒక గుర్తింపు కార్డు.

"మా అవ్వ పోయిందక్కా," అంది. "ఎల్లుండి దినాలు. గీ ఫొటోను పెద్దగ జేసి ఫ్రేము గట్టియ్యాలె."

కార్డు మీద గోరంత ఫొటో. ఎవరో గద్దించి కూర్చోబెట్టినట్టు బెదిరిపోయి చూస్తోంది వాళ్లమ్మ.

"వేరే ఫొటో లేదా?"

"నా పెండ్లి ఆల్బంల ఉండె. వానకు రేకులు కురిసి మొత్తం నానిపాయె."

నిజం చెప్పాలంటే, కొత్త సిస్టమ్ పనితనం చూడాలని నాకూ మనసులో ఉంది. కార్డును కెమెరాతో ఫొటో తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అతను చూపించిన చోట నొక్కాను. చిటికె కాదు కానీ, నిమిషంలో ముఖం తేలింది. కళ్లు మెరుస్తున్నాయి, బుగ్గలు నున్నగా ఉన్నాయి, గోరంత మచ్చ లేదు. కాస్త గర్వంగానే ప్రింట్ తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది.

"గీమె ఎవలక్కా?"

"మీ అవ్వే."

"మా అవ్వకు గదువ మీద పచ్చబొట్టు ఉండె. మూడు సుక్కలు. గవేవి?"

కార్డు తీసుకుని భూతద్దం పెట్టి చూశాను. గడ్డం మీద మూడు చుక్కలు సన్నగా ఉన్నాయి. కొత్త సిస్టమ్ వాటిని మురికి అనుకుని తుడిచేసింది. చిన్నప్పుడు నొప్పికి ఓర్చుకుని పొడిపించుకున్న చుక్కలు, కాటికి పోయేదాకా తోడున్న చుక్కలు. నాకు సిగ్గేసింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది, యంత్రం మీద కొంత, నా మీద ఎక్కువ. ఆ ప్రింట్ తీసుకుని నాలుగు ముక్కలు చేశాను.

"నీ పెండ్లి ఫొటోలు ఎవలు తీసిన్రు?"

"మీరే గదా. లోపటికొచ్చి మా అందరివి తీసిన్రు. యాదికి లేదా?"

"యాదికి లేదు. గా దినం మీ పందిట్ల ఏమైందో చెప్పు."

ఆమె వింతగా చూసింది. ఆలోచించింది. "దూడ తాడు తెంపుకొని పందిట్లకు ఉరికొచ్చింది. పీటలన్ని ఎగేసింది."

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాను. స్క్రూడ్రైవర్ తీసి, కంప్యూటర్ పక్క రేకు విప్పి, కొత్త డిస్కు పీకి పాతది పెట్టాను. ఆ పని నేనెప్పుడూ చేసి ఎరగను, అయినా చేశాను. అది లేచేలోపు పుస్తకం తిరగేశాను. దొరికింది. 'బీర్కూర్ తోవ. పందిట్లోకి దూడ.'

బీరువాలోంచి ఆ నంబరు కవర్ తీసి, అందులోని పన్నెండు నెగెటివ్‌లనూ ఒక్కొక్కటిగా స్కానర్‌లో పెట్టాను. తొమ్మిదో దాంట్లో ఉంది ఆమె తల్లి. వంటింటి గడపలో నిలబడి, ఒక చేత్తో గంటె పట్టుకుని, రెండో చెయ్యి నడుం మీద పెట్టి, దూడ చేసిన ఆగం చూసి పగలబడి నవ్వుతోంది. గడ్డం మీద మూడు చుక్కలూ స్పష్టంగా ఉన్నాయి.

"ఇగో, గీమె మా అవ్వ," అంది ఆమె. తెర మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. "నా పెండ్లినాడు దినమంత ఏడ్సిందనుకున్ననక్కా."

ఆ ముఖాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇచ్చాను. దినాలకు నవ్వే ఫొటో బాగుంటుందా అని ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపమన్నాను.

వారం నిండాక పిట్లం నుంచి అతను వచ్చాడు. కొత్త డిస్కును గుడ్డలో చుట్టి అతని ముందు పెట్టాను.

"తీస్కపో. నాకొద్దు."

"అక్కా, మల్ల సోచాయించు. ఆల్బంలు ఎట్ల పంపుతవ్?"

"పెన్ డ్రైవ్‌ల ఏసి బస్సుల పంపుత. ల్యాబోళ్లు వద్దంటె గా పని ఇడిసిపెడ్త."

"వైరస్ వస్తే?"

"నెట్ వైరు పీకి పారేసిన. ఎట్లొస్తదో రమ్మను."

"ఇగ నీ ఇష్టం. ఏదో ఒక దినం గీ మిషిన్ ఆగిపోతది జూడు."

"ఆగినప్పుడు ఆగనియ్యి. గప్పటిదాక నా బీరువల ఉన్నోళ్లను ఒక్కొక్కరిని బయటికి తీస్త."

అని, దూడ పెళ్లి కథంతా చెప్పాను. పచ్చబొట్టు సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెరిగింది. తప్పంతా అతనిదే అన్నట్టు తిట్టాను కూడా. అతను డిస్కును సంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మా మేనత్త పెండ్లికి మీరే వచ్చిన్రట. నేను చిన్నగుంటి."

"ఏమైంది గా దినం?"

"వాన పడ్డది."

"వాన పడ్డ పెండ్లిలు నా పుస్తకంల బోలెడున్నయి. ఇంకేమైంది?"

అతను సంచి కింద పెట్టాడు. "మా అవ్వ గంజి వారుస్తుంటె చెయ్యి కాలింది. గా ఏడే పోయింది ఆమె."

పిట్లం పేజీలు తిప్పాను. నా రాతే, సిరా కొద్దిగా పాకింది. 'పిట్లం. వాన. గంజి వారుస్తూ ఒకామె చెయ్యి కాల్చుకుంది. నెయ్యి రాశాను.'

పుస్తకం అతని వైపు తిప్పి, కవర్ నంబరు చూసుకుని, కంప్యూటర్ మీట నొక్కాను. అతను వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎంత సేపు పడుతుందని ఈసారి అడగలేదు.