విరూపాక్షయ్య, మూడు ట్రంపెట్లు

బళ్లారి కౌల్ బజార్లో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే విరూపాక్షయ్య ఏ వస్తువునూ దాని పక్కన ఇంకోటి పెట్టకుండా చూడలేడు. బిందె కావచ్చు, బెండకాయ కావచ్చు, కంటి డాక్టరు కావచ్చు. ముందున్నది ఎంత బాగున్నా సరే, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఇంగొకటి తియ్యప్పా" అంటాడు. ఆ మాట వినబడగానే పాత అంగళ్లవాళ్లు నోరెత్తకుండా స్టూలు వెతుక్కుంటారు, పై అరలో సామాను దించాలి గనక. కొత్తవాళ్లు మాత్రం బేరం కుదిరిందనుకుని నవ్వుతారు.

ఒకసారి చెప్పుల అంగట్లో ఉన్నవన్నీ చూసేసి ఇంకోటి అడిగితే, అంగడాయన తన కాళ్లకున్న జత విప్పి ముందర పెట్టాడని బజార్లో చెప్పుకుంటారు. విరూపాక్షయ్య దాన్ని పూర్తిగా ఒప్పుకోడు.

"ఆయప్పే విప్పినాడు. నేను అడగల్యా" అంటాడు. కాసేపాగి, "అయినా బాగుండె ఆ జత" అంటాడు.

వింతేమిటంటే, ఇంతగా ఎంచే మనిషి ఇంట్లో ఒక్క వస్తువూ సరిగా ఉండదు. ఫ్యాను తిరిగేటప్పుడు తల విదిలిస్తుంది. గడియారం మధ్యాహ్నం దాకా బాగా నడిచి, అన్నం తిన్నట్టుగా కాసేపు పడుకుంటుంది. గిన్నె మూత ఆ గిన్నెకు తప్ప అన్నిటికీ సరిపోతుంది. ఎంచి ఎంచి కళ్లు బైర్లు కమ్మి, ఆఖర్న చచ్చుదాన్ని ఎత్తుకుంటాడని బజారు తేల్చేసింది.

అలాంటి మనిషి చేతుల్లో తన ఉద్యోగం పడుతుందని హరిత అనుకోలేదు.

హరితది కురుగోడు. కాలేజీలో ఎన్.సి.సి. బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించింది. బజారు వర్తకుల ట్రస్టు నడిపే ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు ఉద్యోగానికి ట్రస్టు పెద్దల ముందు ఇంటర్వ్యూకి వస్తే, అది సిద్ధేశ్ అనే అతనికి పోయింది. కొన్నాళ్లకు స్కూలు నుంచి ఫోను. బ్యాండు టీచరు కావాలి, వస్తారా అని. వచ్చింది.

"ఆటల పోస్టుకైతే ముగ్గురొచ్చినారు. బ్యాండు పోస్టుకు నాతో పోటీ పడేదానికి ఒక్కరికీ ధైర్యం చాలల్యా" అని స్టాఫ్ రూములో అప్పుడప్పుడు అనేది. సిద్ధేశ్ టిఫిన్ డబ్బా మూత తీస్తూ తలూపేవాడు.

పోస్టయితే ఉంది గానీ బ్యాండు లేదు. నాలుగు డ్రమ్ములు, ఒక జత తాళాలు. ఈ ఏడు ట్రస్టు సెక్రెటరీ చిదానంద ఆమెను పిలిపించాడు.

"మేడం, నవంబరులో కన్నడ రాజ్యోత్సవ మెరవణిగె, ఊరేగింపు ఉండాది. ఊర్లో అన్ని స్కూళ్లూ ట్రంపెట్లు ఊదుకుంటా పోతాయి. మనం డబ్బాలు కొట్టుకుంటా పోతాండాం. ఈసారి బ్యాండు సరిగా నడిస్తే సరి. లేదంటే ఆ పీరియడు లెక్కలకిచ్చేస్తాం."

"మరి నేను సార్?"

"మీకు లెక్కలొస్తాయా?"

హరితకు లెక్కలు రావు.

ట్రంపెట్లు ఇత్తడివి. ట్రస్టులో ఇత్తడి తెలిసినవాడు విరూపాక్షయ్య. కాబట్టి ఎంచే పని ఆయనకప్పగించారు. ఆ సంగతి విని సిద్ధేశ్ ఆమె దగ్గరికొచ్చి, నిజంగానే బాధపడుతున్నట్టు, "ఏ సంవత్సరం మెరవణిగె మేడం?" అని అడిగాడు.

హరిత మొదటిసారి ఆయన ఇంటికి పోయినప్పుడు చేతిలో ఒకే ఒక కంపెనీ ధరల కాగితం ఉంది. అది ఆమె చేసిన తప్పు.

"కూచోమ్మా" అని విరూపాక్షయ్య కుర్చీ చూపించాడు. ఆమె కూచోబోతే అది పక్కకు వాలింది. "ఎడం పక్కకు ఒరిగి కూచో. అప్పుడది కుర్చీనే."

హరిత లేచి గోడ వారనున్న బల్ల మీద కూచుంది. ఆ తరవాత ఎన్నిసార్లు వచ్చినా ఆ బల్ల మీదే.

"సార్, ఇది మీరట్ కంపెనీది. మంచి పేరుండాది."

కళ్లద్దాలు నుదుటి మీదికి పోయాయి. "దేని పక్కన పెట్టి చూస్తే మంచిది?"

లోపల్నుంచి ఆయన భార్య నాగరత్నమ్మ కాఫీ తెస్తూ, "అయిపాయ. ఇంగ ఈ పాప పెండ్లి గూడా ఈ బల్ల మీదనే" అంది.

మీరట్ నుంచి ఒక ట్రంపెట్ నమూనాగా వచ్చింది. జలంధర్ నుంచి ఇంకోటి. మూడోది వెనక సందులోనే దొరికింది. హొన్నూరప్ప ఒకప్పుడు పెళ్లి బ్యాండులో వాయించేవాడు. డీజే పెట్టెలొచ్చి పెళ్లికొడుకుల ముందు నడిచేవాళ్లకు పని పోయాక, పాత వాయిద్యాలకు మాట్లు వేస్తూ, రేకు వంచి సొంతంగా ట్రంపెట్లు చెయ్యడం మొదలుపెట్టాడు. చేసినవాటిలో ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"సావుకారూ, మీరు అడిగినారని తెస్తి. పెద్ద కంపెనీల పక్కన పెట్టి నన్ను నవ్వులపాలు చెయ్యొద్దు."

"పక్కన పెట్టకుండా ఎట్ల చూడల్లప్పా?" అన్నాడు విరూపాక్షయ్య, ఆ మాట నిజంగానే అర్థం కానట్టు.

పరీక్షలు మొదలయ్యాయి. మొదట బిందెను తట్టినట్టు మూడింటినీ వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఆ తరవాత ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా ఎత్తి పట్టుకుని స్కూలు గ్రౌండు చుట్టూ నడిచాడు. మీరట్‌ది బరువు. సగం దూరం పోయేసరికి ట్రంపెట్ నోరు ఆకాశం వదిలి ఆయన చెప్పుల వైపు తిరిగింది. కిటికీల్లోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు. విరూపాక్షయ్య ఆగి, వాళ్లకు నమస్కారం పెట్టి, మిగతా సగం నడిచాడు.

మూడో పరీక్ష ఎండ. బళ్లారి ఎండలో ఇత్తడి ఎంత కాగుతుందో చూడాలని మిద్దె మీద ఎండుమిరపకాయల పక్కనే మూడింటినీ వరసగా పెట్టించాడు. మధ్యాహ్నం పోయి, ఏది ముందు నోట పెట్టుకోనిస్తుందో చూద్దామని ఊదాడు. సాయంత్రం హరిత వచ్చేసరికి కింది పెదవి బొబ్బ ఎక్కి, దాని మీద వెన్న రాసుకుని కూచున్నాడు.

"సంగటైతే ఊదుకోని తింటావు" అంటోంది నాగరత్నమ్మ. "దీన్ని మటుకు ఊదుకోకుండా ఊదితివా? పైగా మిరపకాయల ఘాటొకటి!"

"మిరపకాయలు మూడింటికీ సమానమే గదే" అన్నాడాయన. "అన్యాయమేం జరగల్యా."

నాలుగోది దుమ్ము పరీక్ష. మెరవణిగె పోయే దారిలో ఖనిజం లారీల ఎర్రదుమ్ము లేవకుండా ఉండదని, అది వేళ్లతో నొక్కే పిస్టన్లలోకి పోతే ఏమవుతుందో తెలుసుకోవాలని ఆయన వాదం. మూడు ట్రంపెట్లనూ మోపెడ్‌కు వేలాడదీసి కుడతిని రోడ్డు మీద లారీల వెనక బయల్దేరాడు. హరిత స్కూటీ మీద వెంట పోయింది. ఆమె ముఖానికి చున్నీ కట్టుకుంది, సగం దుమ్ముకు, సగం తెలిసినవాళ్లెవరైనా చూస్తారని. కరెంటు ఫ్యాక్టరీ దగ్గరపడే కొద్దీ ఎర్రదుమ్ముకు బూడిద తోడైంది. విరూపాక్షయ్య సంతోషంతో వెనక్కి తిరిగి, "చూడమ్మా, రెండు రకాలు!" అని అరిచాడు.

ఒక కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడప్పా పెండ్లి?"

"పెండ్లి కాదప్పా. పరీక్ష."

"ఎవరికి?"

"వీటికి."

కానిస్టేబులు ట్రంపెట్లనూ, వెన్న రాసిన పెదవినీ చూసి, హరిత వైపు తిరిగాడు. "మేడం, ఈయప్ప మీ తాలూకానా?"

హరిత కొంచెం ఆలోచించి, కాదంది.

తిరిగొచ్చాక అంగడి ముందు, హొన్నూరప్ప చూస్తుండగానే పిస్టన్లు నొక్కారు. జలంధర్‌వి గబగబా లేచాయి. మీరట్‌వి మొదట మొరాయించి, తరవాత దారికొచ్చాయి. హొన్నూరప్ప ట్రంపెట్‌లో నడిమి పిస్టన్ కిందికి పోయింది. పోయినది రాలేదు.

అందరూ కాసేపు దాని కోసం ఎదురుచూశారు.

"నీది ఓడిపోయిందప్పా హొన్నూరప్పా" అన్నాడు విరూపాక్షయ్య.

"హౌదు సావుకారూ. ఆ దుమ్ములో పోతే నేనే లేచి రాను, అదెట్లొస్తాది?"

మరి జలంధర్‌దే కదా అని హరిత ఊపిరి తీసుకునేలోగా కళ్లద్దాలు నుదుటి మీదికి పోయాయి.

"కలకత్తాలో ఒకాయన చేస్తాడంటమ్మా. ఇంగొకటి తెప్పిస్తామా?"

హరిత చేతిలోని స్కూటీ తాళం కింద పడింది.

"సార్, మీకు ఇంగొకటి కావల్ల, ఇంగొకటి కావల్ల. నాకుండేది ఒకే ఒక ఉద్యోగం! మెరవణిగెకు బ్యాండు లేకుంటే నా పీరియడు లెక్కలోళ్లకు పోతాది. చిదానంద సార్ చెప్పేసినారు. అప్పుడు నేను యాడికి పోవల్ల? కురుగోడు బస్సెక్కి ఇంటికి పోయి, డ్రమ్ము కొట్టుకుంటా కూచోవల్లా?"

బజారు మొత్తం విన్నది. విరూపాక్షయ్య నుదుటి మీది కళ్లద్దాలను మెల్లగా ముక్కు మీదికి దించుకున్నాడు. బేరం మధ్యలో ఆయన అలా దించుకోవడం ఎదురంగడి వాళ్లు అంతకుముందు చూడలేదు.

"చిదానంద అట్లన్న్యాడా?"

"అన్నారు."

"జలంధర్‌కు ఇప్పుడే ఫోను చెయ్యి" అన్నాడు. "కలకత్తా యాడికి పోతాదిలే."

ట్రంపెట్లు దసరా సెలవుల్లో దిగాయి. పిల్లలు ఊదడం మొదలుపెట్టాక చుట్టుపక్కల కుక్కలు కొన్నాళ్లు వేరే పేటకు మారాయి, పాట కుదిరాక తిరిగొచ్చాయి. రాజ్యోత్సవం నాడు కౌల్ బజారు మలుపులో ఒక లారీ అడ్డం తిరిగి దుమ్ము లేపింది. ముందు పోతున్న వేరే స్కూలు బ్యాండు దగ్గుకుంటూ ఆగింది. హరిత పిల్లల ట్రంపెట్లు ఆగలేదు. చిదానంద జీపులోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టి, వచ్చే ఏటికి ఎర్రటోపీలు కుట్టించాలని అక్కడికక్కడే ప్రకటించాడు. ఆ పీరియడు లెక్కలకిచ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

విరూపాక్షయ్య అంగడి మెట్టు మీద నిలబడి చూశాడు. పిల్లలు దాటిపోయాక పక్కనున్నాయనతో, "టోపీలు యాడ తీస్తారో, ఏమో. రెండు మూడు చోట్ల చూడల్ల" అన్నాడు.

పరీక్షల తరవాత స్కూలు బీరువాలో పెట్టిన హొన్నూరప్ప ట్రంపెట్ అక్కడే ఉండిపోయింది. తిరిగిద్దామని హరిత వెనక సందుకు పోయింది.

"అది నాది కాదు మేడం" అన్నాడు హొన్నూరప్ప. "సావుకారు కొనుక్కున్న్యాడు. ఓడిపోయిందని చెప్పినాడు గదా, అదే నోటితో ఇంటికి కావల్లని అడిగినాడు. పిస్టన్ సరి చేసిస్తానంటే ఊరికే సంబరపడె. ఉండండి, ఇప్పుడే సరి చేస్తా, మీరే ఇయ్యండి."

హరితకు ఏమీ అర్థం కాలేదు. ట్రంపెట్ పట్టుకుని విరూపాక్షయ్య ఇంటికి పోయింది. ఆయన ఇంకా అంగట్లోనే ఉన్నాడు. నాగరత్నమ్మ దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"వచ్చెనా ఇది గూడా! ఓడిపోయింటాదే?"

"మీకెట్ల తెల్సమ్మా?"

"ఈ ఇంట్లో ఉండేవన్నీ ఓడిపోయినవే తల్లీ. ఆ ఫ్యాను ధర్మసత్రానికి ఎంచేటప్పుడు ఓడింది. ఆ గడియారం గుడికి చూసినప్పుడు ఓడింది. ఆ కుర్చీ మీ స్కూలుకు చూసినప్పటిది. ఎందుకయ్యా అంటే ఏమంటాడో తెల్సా? 'గెలిచినదాన్ని ఊరు కొంటాది. రెండోదాన్కి ఇంగో ఊరు దొరుకుతాది. నలుగుర్లో నిలబెట్టి నేను ఓడగొట్టిన ఆఖరుదాన్ని ఎవరు కొంటారే?' అంటాడు."

"బజార్లో అందరూ ఆయనకు ఎంచేది రాదంటారు. చెప్పకూడదా?"

"చెప్తే ఇంగేమన్నా ఉండాదా? అంగళ్లోళ్లంతా చచ్చుదాన్ని తెచ్చి కావాలనే ఆఖర్న పెడతారు." నాగరత్నమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. "నన్ను చూసేదానికి వచ్చినప్పుడు నేను గెలిస్తినా, ఓడితినా అని పెండ్లయినప్పటి నుంచీ అడుగుతాండా. నోరు తెరవడు."

హరిత నవ్వింది.

"నవ్వుతాండావు గానీ, మనుషుల దగ్గర గూడా ఇదే కథ. మీ స్కూల్లోనే, ఆటల టీచరుకని ముగ్గురొచ్చినారంట, ఎంచేవాళ్లలో ఈయన గూడా కూచున్న్యాడు. ఇంటికొచ్చి అన్నం ముందర కూచోని ఒకటే ఆలోచన. మూడో పాప డ్రమ్ము బాగా కొడతాదంట, డ్రమ్ము బాగా కొడతాదంట అని. స్కూల్లో డ్రమ్మే లేదప్పుడు! ట్రస్టోళ్లతో కొట్లాడి బ్యాండు పెట్టిచ్చినాడు. ఆ పాప ఈయన మాట విని వచ్చిందో, యాడన్నా మంచి ఉద్యోగం చూసుకున్న్యాదో... కాఫీ చల్లారిపోతాంది, తాగు."

హరిత తాగలేదు. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. విరూపాక్షయ్య వచ్చి, ట్రంపెట్ చూసి, చిన్నపిల్లాడిలా చేతులు చాపాడు. ఊదాడు. దూడను వెతుక్కునే బర్రె గొంతు ఇల్లంతా తిరిగింది.

"నేర్పేదానికి హొన్నూరప్పను రోజూ పొద్దున రమ్మన్న్యా" అన్నాడు.

"గురువును గూడా ఇంగొకర్ని చూడకుండానేనా?" అంది నాగరత్నమ్మ.

"చూసినా" అన్నాడాయన, పిస్టన్ తుడుచుకుంటూ. ఎవరు గెలిచారో చెప్పలేదు.

"సార్" అంది హరిత. "ఆటల పోస్టు ఇంటర్వ్యూలో నేను ఎన్నోదాన్ని?"

నాగరత్నమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

విరూపాక్షయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. మళ్లీ దించుకున్నాడు. తాతల కాలంలో అమ్మిన బిందె బరువు కూడా తడుముకోకుండా చెప్పే మనిషి, "అంత పాత మాట నాకేం జ్ఞాపకముంటాదమ్మా?" అన్నాడు. "నిలబడే ఉండావేం? కూచో."

గోడ వార బల్ల ఖాళీగానే ఉంది. హరిత కుర్చీ లాక్కుని, ఎవరూ చెప్పకుండానే ఎడం పక్కకు ఒరిగి కూచుంది. ఆయన చెప్పింది నిజమే. అట్లా కూచుంటే అది కుర్చీనే.