మా అత్త అనుమానం

మొన్న పొద్దున చౌడేపల్లె నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త పోయిందని. పాలు పితికి క్యాను డెయిరీకి పంపి, అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారు. ఆ మాట అత్త చెవిన పడితే, "ఎవురన్నారు? సూసినోళ్లెవురు?" అని అడిగి ఉండేది.

ఎవరి మాటా ఆమెకు ఒక పట్టాన ఎక్కేది కాదు. పుంగనూరు సంతలో వంకాయ చిదిమి చూడనిదే కొనేది కాదు. ఇది మదనపల్లె బస్సేనా అని కండక్టర్‌ని అడిగాక, పక్క సీటువాళ్లనూ అడిగేది. మా నాన్న విసుక్కుంటే, "నమ్మేదానికి తొందరేముండాదిరా, అడిగి నమ్ముదాం" అనేది. మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం.

కొన్నేళ్ల కిందట విరేచనంలో రక్తం పడుతోందన్న సంగతి దాచి దాచి, చివరికి నాతో చెప్పింది. మదనపల్లెలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. కింది నుంచి పేగులోకి గొట్టం వేసి చూస్తామంటే ససేమిరా అంది. దాంతో పేగులోకి గాలి నింపి స్కాన్ తీశారు, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి.

డాక్టరమ్మ మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టింది. పేగు గోడ మీద కంప్యూటర్ మూడుచోట్ల ఎర్రగా సున్నాలు చుట్టింది. వాటిలో రెండు మలం ముక్కలని, ఒకటి మాత్రం పాలిప్ అని డాక్టరమ్మ చెప్పింది. అంటే పేగు గోడకు మొలిచిన చిన్న కండ. తీసేయాలి.

"రెండుచోట్ల తప్పు సెప్పిన మిషను, మూడోది నిజం సెప్పిందని యెట్ల నమ్మేదమ్మా?" అంది అత్త.

డాక్టరమ్మకు కోపం రాలేదు. "నేనూ దాన్ని నమ్మనమ్మా. ముందు నా కళ్లతో చూస్తాను, తర్వాతే దాని గుర్తులు. మలమైతే మీరు బోర్లా తిరిగినప్పుడు జరగాలి. ఇది జరగలేదు."

బయటికొచ్చాక అత్త నా చెయ్యి గిల్లింది. "అంతా ఒగటేరా. మిషను గీస్తాది, ఆయమ్మ తలూపుతాది. కుప్పానికి పోదాం పా."

నిజం చెప్పాలంటే, అప్పటికి నాకూ ఆ అనుమానం అంటుకుంది.

కుప్పంలో ఒక పెద్దవయసు డాక్టర్‌కు అత్త స్కాన్ డిస్కు ఒక్కటే ఇచ్చింది. మదనపల్లెలో ఇచ్చిన ఎర్ర సున్నాల బొమ్మనూ రిపోర్టునూ సంచి అడుగున దాచేసింది. ఆయన చాలాసేపు చూసి, "పేగులో ఏమీ లేదమ్మా, మొలలేమో చూద్దాం" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అత్త మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"పోదాం పా అత్తా, లేదంటాండారు కదా."

"ఉండాదన్నోళ్లను నమ్మలేదు. లేదన్నోళ్లను మాత్రం యాల నమ్మాల?" అంటూ సంచిలోంచి బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టర్ ముఖం చిన్నబోయింది. నాకే పరీక్ష పెడతారా అని తిట్టి పంపుతాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వెల్లకిలా తీసినదీ బోర్లా తీసినదీ తెర మీద పక్కపక్కన పెట్టి ఆ చోటునే మళ్లీ మళ్లీ చూశాడు.

"ఉందమ్మా. మడత చాటున ఉంది. నేను గమనించలేదు."

అత్త ఆయన్ని తేరిపార చూసింది. "ఇంగ గొట్టం ఎయ్యి సామీ. తప్పును తప్పని ఒప్పుకుంటాండావు. నువ్వయితే సరే."

తీసిన కండను పరీక్షకు పంపారు. ఇంకా క్యాన్సర్ కాలేదని, వదిలేసి ఉంటే అయ్యే రకమని తేలింది. ఆ తర్వాత అత్త మాకు దక్కిన ఏళ్లు ఎవరి చలవో నేను తేల్చుకోలేను. మిషన్‌ని పొగిడితే మాత్రం ఆమె ఊరుకునేది కాదు. "అది సూపిచ్చింది, అంతే. సూసింది మనుసులు" అనేది.

ఆనక ఊళ్లో ఏ ఆడమనిషికి రక్తం పడినా అత్తే ఆసుపత్రికి వెంటబెట్టుకొచ్చేది. పోయిన నెల ఆమెను చివరిసారి చూసిందీ అలాగే, మదనపల్లెలో స్కాన్ గది బయట. పక్కింటామె లోపలుంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా అత్త కూర్చోలేదు. పక్కింటామె చెప్పులు చేత్తో పట్టుకుని, మూసిన తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది.